అక్క ఎక్కాల్సిన బస్సు

నా చిన్నప్పుడు మా ఊరికి బస్సు లేదు. ఊరంటే పెద్దదేమీ కాదు. నాచారం దాటి, మల్లాపూర్ కూడా దాటి, కొంచెం లోపలికి పోతే వచ్చే చిన్న పల్లె. ఇప్పుడు అక్కడ నిలబడితే అపార్ట్‌మెంట్ల మధ్య మా వాకిలి ఎక్కడుండేదో నాకే ఆనవాలు దొరకదు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నేను డైరీ రాయకుండా పడుకున్న రోజు లేదు. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. కానీ ఇప్పుడు చెప్పే రోజు ఆ డైరీల్లో లేదు. అప్పటికి నాకు డైరీ అంటే ఏమిటో తెలియదు. అయినా రాసిపెట్టుకున్న వాటికంటే అదే నాకు ఎక్కువ స్పష్టంగా గుర్తుంది.

మా అక్క నాకంటే నాలుగేళ్లు పెద్దది. ఊళ్లో ఉన్న చిన్న బడి అయిపోయాక ఉప్పల్ హైస్కూల్లో చేరింది. మా ఊరి ఆడపిల్లల్లో చదువు కోసం అంత దూరం పోయింది ఆమే మొదలు. పొద్దున్నే నాచారం ఫ్యాక్టరీలకు పోయే ఆడవాళ్లతో కలిసి బయలుదేరేది. సాయంత్రం బడి వదిలాక నాచారం దాకా ఒక్కతే నడిచి వచ్చి, ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చుని, వాళ్ల షిఫ్టు అయ్యాక మళ్లీ వాళ్లతోనే ఇల్లు చేరేది. లెక్కలన్నీ ఆ గేటు దగ్గరే చేసుకునేది.

అక్క చదువుకోవడం నాన్నకు ఇష్టమే. కానీ చలికాలంలో పొద్దు తొందరగా గూకుతుంది. మల్లాపూర్ దాటాక దారిలో ఒక్క దీపం ఉండేది కాదు. మా ఊరికి బస్సు వేస్తారని అప్పట్లో ఒక మాట వినిపిస్తుండేది. "చలి మొదలయ్యేదాక సూస్త. బస్సు పడితె సరే, లేకుంటె బడి బంద్" అన్నాడు. అప్పటి నుంచి అక్క ఉప్పల్ వైపు నుంచి ఎవరొచ్చినా బస్సు సంగతి ఏమైనా తెలిసిందా అని అడిగేది.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం బస్సుల ఆఫీసు నుంచి ఒక ఆఫీసరు జీపులో వచ్చాడు. మా ఊరికి బస్సు అవసరమో కాదో చూసి పోవడానికి వచ్చాడట. మా ఇల్లు దారి పక్కనే కాబట్టి మా అరుగు మీదే మంచం వేసి కూర్చోబెట్టారు. ఊరి పెద్దమనిషి, మరో నలుగురు ముసలివాళ్లు చుట్టూ చేరారు. నేను బడి ఎగ్గొట్టి తలుపు చాటున నిలబడ్డాను.

"ఉప్పల్ దాకా ఎలా వెళ్తున్నారండీ? ఇబ్బందిగా ఉంటోందా?" అని అడిగాడు ఆఫీసరు.

"తక్లీఫ్ ఏం లేదు సార్," అన్నాడు పెద్దమనిషి. "గీడికే గదా. ముచ్చట వెట్టుకుంట నడిస్తె వచ్చేస్తది."

"మా కాళ్లు గట్టియి సార్," అన్నాడు ఇంకో తాత మీసం తిప్పుతూ. "నడుసుడు మాకు లెక్కనే కాదు."

వాళ్లు అబద్ధం చెప్పాలని చెప్పలేదు. ఇంటికొచ్చిన మనిషి ముందు మన కష్టం విప్పి పరచకూడదన్నది మా ఊరి మర్యాద. కుండలో గింజ లేకున్నా, ఎవరైనా పలకరిస్తే "మంచిగున్నం" అనడమే వాళ్లకు తెలిసింది. ఆఫీసరు చెడ్డవాడు కాదు. విన్నది విన్నట్టే రాసుకున్నాడు. తర్వాత దారి వైపు చూశాడు. ఎండలో రెండు కోళ్లు తప్ప ఏమీ కదలడం లేదు. నడిచేవాళ్లంతా ఆ వేళకు ఫ్యాక్టరీల్లో ఉన్నారు, అక్క బడిలో ఉంది. "అవసరం అంతగా కనిపించడం లేదండీ" అంటూ ఆయన లేచాడు.

అప్పుడు మా మేనత్త బయటికి వచ్చింది. మేనత్త అంటే నాన్నకు అక్క. భర్త పోయాక మాతోనే ఉండేది, ఇంటి పెత్తనమంతా ఆమెదే.

"కడుపుల ఏం వడకుండ పోతరా సార్? మా ఊరి ఇజ్జత్ పోదా? జర కూసోండ్రి, సర్వపిండి చేస్తున్న. గిప్పుడే అయితది."

సర్వపిండి గురించి తెలిసినవాళ్లకు ఆ "గిప్పుడే" అన్న మాటకు నవ్వొస్తుంది. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, ఉల్లికాడలు, కారం వేసి కలిపి, ఆ ముద్దను గుండ్రటి గిన్నె లోపల పలుచగా అద్ది, వేలితో చిల్లులు పెట్టి నూనె వేసి, మూత పెట్టి సన్నటి సెగ మీద ఉంచాలి. తొందరపడితే అడుగు మాడుతుంది. ఒకటి తీశాక గిన్నె చల్లారితే తప్ప రెండోది అంటుకోదు. మామూలు రోజుల్లో మేనత్త గిన్నె వెనుక నీళ్లు చల్లి క్షణంలో చల్లార్చేది. ఆ రోజు గిన్నెను గడప పక్కన బోర్లించి, దాని ముందు తీరిగ్గా కూర్చుంది.

"అత్తమ్మా, రెండో గిన్నె తేనా?" అన్నాను, సాయం చేద్దామని.

"ఏ రెండో గిన్నె?" అని నా వైపు గుడ్లురిమింది. "మనింట్ల ఉన్నదే ఒక్కటి. పో, మూల కూసో."

ఎదురుగా అటక మీద రెండో గిన్నె తళతళా మెరుస్తోంది. నేను పోయి మూల కూర్చున్నాను.

మొదటిది ఆఫీసరుకు పెట్టింది, రెండోది జీపు డ్రైవరుకు. తర్వాత ఆఫీసరు భార్య కోసమని మూడోది మొదలుపెట్టింది. ఆయన వద్దంటూనే రుచికి లొంగిపోయాడు. పెద్దమనిషికి మాత్రం సిగ్గనిపించింది.

"ఇడువవే సార్‌ను, పొద్దుగూకుతుంది" అని కసిరాడు.

"గూకనియ్యి మామా," అంది మేనత్త మూత తీయకుండానే.

నిజంగానే పొద్దుగూకింది. అప్పుడు దారి మీద మనుషులు కనిపించారు. ముందు ఇద్దరు, వెనుక గుంపు, ఆ వెనుక ఇంకో గుంపు. ఖాళీ టిఫిన్ డబ్బాలు పట్టుకున్న ఆడవాళ్లు, తువ్వాళ్లు భుజాన వేసుకున్న మగవాళ్లు, మా ఊరు దాటి ఇంకా లోపలి పల్లెలకు పోయేవాళ్లు. మాటలు లేకుండా వస్తూనే ఉన్నారు. ఆఫీసరు చేతిలో ముక్క అలాగే ఉండిపోయింది. అందరికంటే వెనుక మా అక్క, తెగిన చెప్పులు చేత్తో పట్టుకుని వస్తోంది.

"ఎక్కడి నుంచమ్మా?" అని అడిగాడు ఆయన.

"గీడికెళ్లే సార్. ఉప్పల్ బడి," అంది అక్క, పక్క వీధి నుంచి వచ్చినట్టు. ఆమె కూడా ఆ ఊరి పిల్లే కదా.

ఆయన దుమ్ము కొట్టుకుపోయిన ఆమె పాదాల వైపు చూశాడు. మధ్యాహ్నం రాసుకున్నది కొట్టేశాడు. జీపు ఎక్కబోతూ మేనత్తతో, "బస్సు వేయిస్తానమ్మా. కాకపోతే కాస్త టైం పడుతుంది" అన్నాడు.

ఆయన మాట తప్పలేదు. కానీ ఆ కాగితం ఏ బల్ల నుంచి ఏ బల్లకు పోయిందో, చలికాలం వచ్చింది. నాన్న కూడా మాట తప్పలేదు. అక్క తన పుస్తకాలకు కొత్త అట్టలు వేసి నాకిచ్చింది. కొంచెం వయసు రాగానే ఏ గేటు దగ్గర కూర్చుని లెక్కలు చేసుకునేదో ఆ ఫ్యాక్టరీలోనే మాత్రలు డబ్బాల్లో పెట్టే పనికి కుదిరింది. ఆ తర్వాతే బస్సు వచ్చింది, సరిగ్గా షిఫ్టుకు అందేలా. నేను హైస్కూల్లో చేరాల్సిన ఏడాది అది.

మేమిద్దరం ఒకే బస్సు ఎక్కేవాళ్లం. అక్క నాచారంలో దిగిపోయేది, నేను ఉప్పల్ దాకా పోయేదాన్ని. "నువ్వు కూసో, పుస్తకాలున్నయ్ గదా" అని సీటు నాకిచ్చి తను నిలబడేది. ఆమె దిగాక నేను కిటికీలోంచి చెయ్యి ఊపేదాన్ని. ఆమె చూపు నా మీద ఉండేది కాదు. కదిలిపోతున్న బస్సునే చూస్తూ నిలబడేది.

మొన్న ఉప్పల్‌లో ఒక సమావేశానికి వెళ్లాను. పోచారం అవతలి పల్లెలకు, చిన్న పట్టణాలకు ముందు ముందు బస్సులు ఎలా నడపాలో జనాన్ని అడుగుతున్నారు. తెర మీద రంగురంగుల గీతలతో మ్యాపు చూపించారు. నాకు నచ్చింది. ఆ పల్లెలకు మీరు ఏ వేళప్పుడు పోయి చూశారని అడిగాను. సాయంత్రం కూడా పోయామన్నారు. సంతోషించాను. చివర్లో ఆ కుర్ర ఆఫీసరు, "ప్లానంతా రెడీ మేడమ్, కొంచెం టైం పడ్తది అంతే" అన్నాడు.

"అయితే ఆ టైం కూడా ప్లానులో రాయి నాయనా," అన్నాను. "బస్సు వచ్చేదాక అక్కడి పిల్లలు బడికి ఎట్ల పోవాలో, ఒక ఆటోనో, చిన్న వ్యానో, ఏదో ఒకటి. అది లేకుంటె నీ ప్లాను సగమే."

అతను నవ్వకుండా రాసుకున్నాడు. ఇంటికొచ్చి డైరీలో నేనూ రాసుకున్నాను. మనుషుల అవసరం వాళ్ల మాటల్లో దొరకదని, వాళ్లు ఇల్లు చేరే వేళదాకా ఆగి చూడాలని మా మేనత్త ఆ రోజు నేర్పింది. మంచి పని కూడా ఆలస్యమైతే ఒకరిని దారిలో వదిలేసి వస్తుందన్నది మాత్రం ఎవరూ నేర్పలేదు. ఆ బస్సులో రోజూ అక్క ఇచ్చిన సీట్లో కూర్చుని నేనే నేర్చుకున్నాను. ఈనాటికీ ఏ బస్సులో సీటు దొరికినా, కూర్చునే ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాను, ఎవరైనా నిలబడి ఉన్నారేమోనని.