మజ్జిగలో కలిపిన మాత్ర

సిస్టరమ్మ ఇక లేరని జగిత్యాల నుంచి ఫోన్ వచ్చింది. పొద్దున టీ తాగి కుర్చీలో కూర్చున్నారట, అంతే. అన్నకు ఎలా చెప్పాలో తోచక కాసేపు వాకిట్లోనే నిలబడ్డాను. చివరికి, ఆమె మాకు నేర్పినట్టే, ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆమె మానసిక వైద్య విభాగంలో నర్సు. కోరుట్ల, కథలాపూర్, మల్లాపూర్ వైపు ఇళ్లకు వచ్చి, ఏళ్ల తరబడి మందులు వాడేవాళ్లను చూసిపోయేవారు. రిటైరయ్యాక కూడా ఆ తిరుగుడు మానలేదు.

మా అన్న సిరిసిల్లలో సాంచెలు నడిపేవాడు. ఇరవై ఆరేళ్లప్పుడు, ఆ మరమగ్గాల చప్పుడులో ఎవరో తనను తిడుతున్నారంటూ పని వదిలేసి కోరుట్లకు వచ్చేశాడు. మందులతో గొంతులు తగ్గాయి గాని చేతులు వణకడం మొదలైంది. తెగిన పోగు ముడి వేయలేని చేతులెందుకని మాత్రలు మానేశాడు.

అప్పుడు అమ్మా నేనూ మాత్రను నూరి మజ్జిగలో కలిపి ఇవ్వసాగాం. రాయడానికి సిగ్గుగానే ఉంది. మీలో ఎవరింట్లోనైనా ఇదే జరుగుతోందేమోనని రాస్తున్నాను.

సిస్టరమ్మ వస్తూనే "ఏం తిన్నవ్ తమ్మీ?" అని అన్ననే అడిగేవారు. మేం జవాబివ్వబోతే, "ఆయనకు నోరున్నది గద బిడ్డా" అనేవారు. ఒకరోజు అన్న ఆమెతో, "నేను గోలీలు ఏస్కుంటలేను సిస్టర్" అన్నాడు. మాత్రల అట్ట చూస్తే సగం ఖాళీ. ఆమె మమ్మల్ని వంటింట్లోకి పిలిచారు.

"దేంట్ల కలుపుతున్నరు?"

"మజ్జిగల," అంది అమ్మ తల దించుకుని. "గట్ల జెయ్యకుంటె ఏస్కోడు సిస్టరమ్మా. ఎటన్న ఎల్లిపోతే ఏంజెయ్యాలె?"

"మీ భయం నాకు సమజైంది. గని ఎన్నడన్న తెలిస్తే ఇంట్ల అన్నమే నమ్మడు. మీరే చెప్పున్రి. నేను పక్కన కూసుంట."

ఆ మధ్యాహ్నమే చెప్పాం. అన్న అరవలేదు. పళ్లెం పక్కకు జరిపి లేచిపోయాడు. మూడు రోజులు హోటల్లోనే తిన్నాడు. మూడు రోజులూ ఆమె జగిత్యాల నుంచి బస్సులో వచ్చారు. మందుల మాట ఎత్తకుండా ఇంటి ముందరి గద్దె మీద అతని పక్కన కూర్చునేవారు. మూడోనాడు అన్నే చేతులు చాపి చూపించాడు.

"గిట్ల వణుకుతుంటే నేనేం పనికొస్త సిస్టర్?"

"గీ మాట డాక్టర్ సారుకు నువ్వే చెప్పు తమ్మీ. నేను గూడ వస్త."

డాక్టరు మందు మార్చారు. వణుకు చాలావరకు తగ్గింది. గొంతులు మాత్రం పూర్తిగా పోలేదు. ఆ సంగతి ఆమె ముందే చెప్పారు: "ఎప్పుడు బాగైతడని అడగకున్రి. ఇయ్యాల ఎట్లున్నడని అడుగున్రి."

అన్న ఇప్పుడు వారంలో నాలుగు రోజులు సిరిసిల్లలో చిన్నమ్మ ఇంట్లో ఉండి, సగం పూట కండెలకు నూలు చుడుతున్నాడు. మాత్రలు తనే వేసుకుంటాడు. ఒక్కోసారి వేసుకోనని చెప్తాడు. అప్పుడు కూర్చుని మాట్లాడుకుంటాం.

అంత్యక్రియల నాడు సమాధి దగ్గర ఆమె బంధువుల కంటే మాలాంటివాళ్లమే ఎక్కువమంది ఉన్నాం. మల్లాపూర్ నుంచి వచ్చిన ఒకావిడ గుప్పెట్లో మట్టి పట్టుకుని, ఎవరికీ అర్థంకాని మాటలు గబగబా మాట్లాడసాగింది. పక్కనున్న ఆమె భర్త ఆపబోయి ఊరుకున్నాడు. పాస్టరుగారు పుస్తకం మూసి నిలబడ్డారు. ఎండ ఎక్కుతోంది. ఆమె మాటలు పూర్తయి, గుప్పిట విప్పేదాకా మేమెవరం కదల్లేదు.