ఫ్రిజ్ తలుపులో బస్సు టికెట్

మా బాబాయి ఎవరింటికి వెళ్లినా ముందు మనుషుల్ని పలకరించడు, ఫ్రిజ్‌ని పలకరిస్తాడు. "బాగున్నారా" అన్న మాటలో సగం గుమ్మం దగ్గర, మిగతా సగం వంటింట్లో వినిపిస్తుంది. ఇంటివాళ్లు కూర్చోమని కుర్చీ లాగేలోపే ఆయన ఫ్రిజ్ తలుపు తీసేసి ఉంటాడు. చొక్కా జేబులోంచి పాత బస్సు టికెట్ ఒకటి తీసి, తలుపు అంచున పెట్టి, తలుపు మూసి, బయటికి ఉన్న చివర పట్టుకుని లాగుతాడు. టికెట్ కదలకపోతే తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మంచిదని అర్థం. సులువుగా వచ్చేసిందంటే రబ్బరు వదులైందని, చల్లదనమంతా బయటికి పోతోందని, కరెంటు దండగని అర్థం. అప్పుడు నాలుగిళ్లకు వినబడేలా "ఊడొచ్చేసింది!" అని అరుస్తాడు.

ఈ పరీక్ష ఆయన సొంతం కాదు. మునిసిపాలిటీ నీటి బిల్లు వెనకాల చిన్న అక్షరాల్లో పొదుపు సలహాలు అచ్చేస్తారు చూడండి, వాటిలో ఉంది. ఊరు మొత్తం మీద ఆ సలహాలు చదివిన మనిషి మా బాబాయి ఒక్కడే. ఈ మాట నేను ధైర్యంగా చెప్పగలను, ఎందుకంటే ఆ సలహాలు రాసేదాన్ని నేనే. మునిసిపాలిటీలో నా ఉద్యోగమే అది.

ఇక టికెట్లంటారా, బాబాయి పదవీవిరమణ దాకా బస్సు కండక్టరు. మెషిను టికెట్లు వచ్చిన రోజున, మిగిలిపోయిన కాగితం టికెట్లు ఎవరూ వద్దంటే గోనెసంచుల్లో ఇంటికి మోసుకొచ్చాడు. "ఇవేం చేసుకుంటావయ్యా" అని పిన్ని నెత్తి కొట్టుకుంది. ఆ టికెట్లతో ఆయన ఊళ్లో ఫ్రిజ్‌లన్నిటిచేతా ప్రయాణం చేయిస్తున్నాడు.

ఆయనకి ఇంకో జబ్బుంది, మతిమరుపు. చేతిలో సంచితో వెళ్లి, వట్టి చేతులతో తిరిగొస్తాడు. పిన్ని కూరగాయలకి పంపితే కూరగాయలు కొంటాడు, దారిలో ఎవరింట్లోనో ఫ్రిజ్ చూస్తాడు, సంచి అక్కడే పెట్టేసి వస్తాడు. ఎక్కడ పెట్టావంటే తల గోక్కుంటాడు. ఒకప్పుడు బస్సులో కునుకు తీస్తున్న ప్రతివాణ్నీ వాడి స్టాపు రాగానే భుజం తట్టి లేపిన మనిషి ఈయనే అంటే ఎవరూ నమ్మరు.

ఈ బాబాయి వల్ల నేను పడ్డ సిగ్గు అంతా ఇంతా కాదు. ఒకసారి మా వీధి దర్జీ పోయాడు. అందరం పరామర్శకి వెళ్లాం. దర్జీ భార్య గోడకి చేరబడి కూర్చుంది, పిల్లలు పక్కన బిక్కమొహాలేసుకుని ఉన్నారు. అంతలో వంటింట్లోంచి "ఊడొచ్చేసింది!" అన్న కేక. తలలన్నీ ఒక్కసారి అటు తిరిగాయి, ఆ తర్వాత నా వైపు తిరిగాయి. నేల చీలితే లోపలికి దూకేద్దామనిపించింది.

"బాబాయ్, చావింట్లో కూడానా!" అన్నాను బయటికి లాక్కొచ్చి.

"చావింట్లో అయితే కరెంటు దండగైనా ఫర్వాలేదా తల్లీ? మళ్లీ వచ్చి చూడాలి, దాని పరిస్థితి ఏం బాగాలేదు" అన్నాడు. ఆ రోజూ సంచి మరిచిపోయాడు.

మా కొత్త కమిషనరుగారు సిబ్బందిని కుటుంబాలతో సహా భోజనానికి పిలిచినప్పుడు బాబాయిని వెంట రావద్దని చెప్పాను. ఆ రోజు మా ఆయనకి వీలుకాలేదు, బాబాయికి బాగా వీలైంది. కమిషనరుగారి భార్య గ్లాసుల్లో పళ్లరసం పోస్తుంటే, ఈయన ఆవిడ పక్కనుంచి చెయ్యి పోనిచ్చి ఫ్రిజ్ తలుపులో టికెట్ పెట్టాడు. లాగాడు. అది కదల్లేదు. "భేష్! లోపల నిండుగా ఉంది. మీకు నాతో పనిలేదమ్మా" అని ఆవిణ్ని ఆశీర్వదించాడు. ఆ తర్వాత చాలా రోజులు కమిషనరుగారి గదిలోకి ఫైలు పట్టుకుని వెళ్లాలంటే నాకు మొహం చెల్లలేదు.

ఇలా ఉండగా మా మునిసిపాలిటీ, కరెంటు కంపెనీ చేతులు కలిపాయి. ఊళ్లో కరెంటు వాడకం తగ్గించాలని ఒప్పందం రాసుకున్నాయి. ఇంటింటికీ వెళ్లి ఫ్రిజ్‌లు చూడాలి, రబ్బరు పాడైన ఇళ్లకి కొత్త రబ్బరు ఉచితంగా వెయ్యాలి. మనుషులు మావాళ్లు, రబ్బర్లు వాళ్లవి. మా వైపు నుంచి బాధ్యత నాది, వాళ్ల వైపు నుంచి ఒక ఇంజనీరమ్మది. నవ్వితే రబ్బరు సాగిపోతుందేమో అన్నట్టుండేదావిడ. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు కావాలని బోర్డు పెట్టాం. పొద్దున్నే ఆఫీసు తలుపు తీసేసరికి వరసలో మొదటి మనిషి మా బాబాయి.

"బాబాయ్, నువ్వొద్దు."

"ఏం? అనుభవం లేదంటావా?"

"అనుభవం సంగతి కాదు. నాకిక్కడ పరువుంది."

"ఉండనీ తల్లీ, దాని జోలికి నేనెందుకొస్తాను?"

ఆయన వెనకాల ఇంకెవరూ రాలేదు కాబట్టి తీసుకోక తప్పలేదు. తర్వాత ఒకరిద్దరు చేరారుగానీ ఊళ్లో సగం బాబాయే తిరిగాడు. మెడలో మునిసిపాలిటీ కార్డు పడ్డాక ఆయన్ని పట్టేవాళ్లే లేరు. ఎవరైనా రబ్బరు గురించి అడిగితే ఉపన్యాసం, అడక్కపోతే ఇంకా పెద్ద ఉపన్యాసం. కొన్ని ఇళ్లకి ఒకసారి వెళ్లి ఊరుకునేవాడు, కొన్ని ఇళ్లకి వారం వారం వెళ్లేవాడు. "ఒకే ఫ్రిజ్‌ని ఎన్నిసార్లు చూస్తావు?" అంటే, "రబ్బరు సర్దుకోవాలి కదమ్మా, మనుషుల్లాగే దానికీ టైము పడుతుంది" అనేవాడు.

కొన్నాళ్లకి పని ఎలా సాగుతోందో చెప్పడానికి మునిసిపల్ హాల్లో సభ పెట్టాం. వేదిక మీద కమిషనరుగారు, ఇంజనీరమ్మ, పక్కన నేను. ఎదురుగా జనం. ఒప్పందం పొడిగిస్తామో లేదో కంపెనీ ఆ సభ చూసి చెప్పాలి. అంతా సాఫీగా జరిగిపోతోంది అనుకునేలోపు ముందు వరసలోంచి ఒకావిడ లేచింది. ఆవిడది మూడంతస్తుల మేడ, అందుకని ఊళ్లో అందరూ మూడంతస్తులావిడ అంటారు.

"నాకు న్యాయం కావాలి" అంది. "మీవాళ్లు మా ఇంటికొచ్చి పరీక్ష చేశారు. ఒట్టి బస్సు టికెట్‌తో చేశారు. మా ఎదురింట్లోనేమో పరీక్షకి కోడిగుడ్లు పెట్టారు, పాల ప్యాకెట్లు పెట్టారు, బంగాళాదుంపలు పెట్టారు, ఇంత కాలీఫ్లవర్ పెట్టారు! అదేమంటే పరీక్ష సరుకు, వెనక్కి తీసుకోకూడదని రూలు అన్నారట. ఏం, మా ఫ్రిజ్‌కి ఆ పాటి మర్యాద చెయ్యకూడదా?"

కమిషనరుగారు ఇంజనీరమ్మ వైపు తిరిగారు. "మీ కంపెనీ కోడిగుడ్లు కూడా ఇస్తోందా?"

"మేం రబ్బర్లే ఇస్తాం సార్. కోడిగుడ్లు మీవే అయ్యుండాలి."

"మునిసిపాలిటీలో కాలీఫ్లవరుకి పద్దు లేదమ్మా!"

ఇద్దరూ కలిసి నా వైపు చూశారు. వెనక వరసలో అప్పటికే ఒక చెయ్యి పైకి లేచి ఉంది. "ఆ పరీక్ష నేనేనండీ చేసింది" అన్నాడు బాబాయి.

ఇంజనీరమ్మ మొహం బిగుసుకుపోయింది. "మా పేరు చెప్పి అనుమతి లేకుండా సరుకులు పంచితే ఒప్పందం ఇక్కడితో ఆపేస్తాం. ఎవరెవరి ఇళ్లలో పెట్టారో ఇప్పుడే, ఇక్కడే చెప్పండి. విచారించాలి."

"మా ఇంటికి భోజనానికి వచ్చింది ఈయనే కదూ? మీకేమవుతారు?" అని కమిషనరుగారు నన్నడిగారు.

చెప్పడానికి సిగ్గేసింది. ఉన్నదున్నట్టు చెబుతున్నాను, సిగ్గే వేసింది. నేను ఫైలు తిరగేస్తున్నట్టు నటిస్తుంటే బాబాయే అందుకున్నాడు.

"దూరపు బాబాయినండీ. చాలా దూరం."

హాలంతా నవ్వింది. బాబాయి కూడా నవ్వాడు. "ఇళ్లంటారా, నాకు గుర్తులేదండీ. మతిమరుపు మనిషిని. కొనుక్కున్న సంచి ఎక్కడ పెడతానో నాకే తెలియదు. తిట్టుకుంటే నన్ను తిట్టుకోండి, పథకాన్నేమీ అనకండి."

"అబద్ధం!" అంది మూడంతస్తులావిడ. "మా కిటికీలోంచి నేను చూశాగా! కూర్చుని ఒక్కొక్క గుడ్డూ సర్దాడు. ఆ ఇల్లు ఎవరిదో నేను చెబుతాను!"

అప్పుడు నా కళ్లు గోడవారగా కూర్చున్న ఒక మనిషి మీద పడ్డాయి. దర్జీ భార్య. మూడంతస్తుల మేడకి ఎదురిల్లు ఆవిడదే. తల దించుకుని, ముందున్న కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని ఉంది. బాబాయి హాల్లో ఉన్న అందరినీ చూస్తూ నవ్వుతున్నాడు, ఆ గోడ వైపు మాత్రం తల తిప్పడం లేదు.

అప్పుడు వెలిగింది నా బుర్రలో. మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డ ఏడాది బాబాయి వారం వారం మా ఇంటికొచ్చేవాడు. టికెట్ పెట్టడం, "ఊడొచ్చేసింది" అనడం, సంచి మరిచిపోయి వెళ్లిపోవడం. ఒకరోజు నేను ఆ సంచి పట్టుకుని వీధి మలుపు దాకా పరిగెత్తాను. "ఇప్పుడెక్కడ మొయ్యను, ఫ్రిజ్‌లో పెట్టు, పాడైపోతాయి" అన్నాడు. మతిమరుపు ముదిరిందని నవ్వుకున్నాను. మా ఆయనకి మళ్లీ ఉద్యోగం దొరికిన వారం బాబాయి టికెట్ లాగి, "పట్టుకుంది, ఇంక ఫర్వాలేదు" అన్నాడు. మేం రబ్బరు మార్చనే లేదు.

ఇంతకాలం ఈ మనిషి చూసింది తలుపు చుట్టూ ఉన్న రబ్బరు కాదు. తలుపు వెనక ఏముందో, ఏం లేదో చూశాడు. ఇలాంటివాడు నాకు దూరపు బాబాయి అయిపోయాడు. అంతకుముందు పడ్డ సిగ్గులన్నీ ఒక ఎత్తు, ఆ క్షణాన పడ్డ సిగ్గు ఒక ఎత్తు.

మూడంతస్తులావిడ నోరు తెరిచేలోపు లేచి నిలబడ్డాను. "సార్, ఆయన నాకు సొంత బాబాయి. సరుకు పెట్టి చూడమన్నది నేనే. అది... అది పరీక్షలో భాగం" అన్నాను.

ఇంజనీరమ్మ నన్ను చూసింది. నా చూపు వెంటే గోడ దాకా వెళ్లి, కుర్చీ పట్టుకున్న ఆ చేతిని చూసింది. కాసేపు పెన్ను మూత తీసింది, పెట్టింది.

"నిజమే సార్" అంది చివరికి. "ఖాళీ ఫ్రిజ్ తలుపు తీస్తే లోపలి చల్లగాలంతా పోతుంది. నిండుగా ఉంటే చల్లదనం నిలబడుతుంది. ఖాళీగా ఒకసారి, నింపి ఒకసారి చూడటం మంచి పద్ధతి. నాకు ముందుగా చెప్పకపోవడమే తప్పు."

"మరి నా ఫ్రిజ్‌ని ఎందుకు నింపలేదు?" అంది మూడంతస్తులావిడ.

"మీది ముందే నిండుగా ఉంది కదమ్మా!" అన్నాడు బాబాయి. "అంత నిండైన ఫ్రిజ్‌ని ఊళ్లో ఇంకెక్కడా చూడలేదు. టికెట్ పట్టడమే కష్టమైంది."

ఆవిడ కొంగు సర్దుకుని చుట్టూ చూసింది. "అదీ నిజమేలెండి. మాది ఎప్పుడూ నిండుగానే ఉంటుంది" అని తృప్తిగా కూర్చుంది. ఒప్పందం బతికింది.

ఇంటికి నడుస్తూ, "దూరపు బాబాయినని ఎందుకన్నావు?" అన్నాను. ఆయన మొహం చూడలేకపోయాను.

"నువ్వు ఫైల్లో దూరిపోతుంటే మరేం చెయ్యను తల్లీ? నాకెలాగూ సిగ్గు లేదు, నీది కాస్త మిగుల్చుదామని."

"రేపటి నుంచి నేనూ వస్తాను. నేనే పెడతాను పరీక్ష సరుకు."

"నీ వల్ల కాదు" అన్నాడు. అయినా వెళ్లాను.

మర్నాడు సంచి పట్టుకుని దర్జీ ఇంట్లో అడుగుపెట్టేసరికే చెవులు వేడెక్కిపోయాయి. "ఇది పరీక్ష సరుకండీ... అంటే మునిసిపాలిటీ తరఫున... వెనక్కి తీసుకోకూడదని..." నత్తి వచ్చేసింది. గుమ్మంలో నిలబడ్డ బాబాయి పైకప్పు వైపు చూస్తున్నాడు.

దర్జీ భార్య నన్ను ఎగాదిగా చూసి, నవ్వాపుకుంది. "మీకంటే మీ బాబాయిగారే నయమమ్మా. ఆయన అబద్ధం ఎంత బాగా చెబుతారంటే మేం నమ్మినట్టు కూర్చోవచ్చు. మీరిలా సిగ్గుపడిపోతుంటే మేమెక్కడ తల పెట్టుకోవాలి? ముందు ఆ టికెట్ పెట్టండి, అంతా పద్ధతి ప్రకారం కానివ్వండి."

బాబాయి జేబులోంచి టికెట్ తీసి ఇచ్చాడు. ఫ్రిజ్ తలుపులో పెట్టి, మూసి, లాగాను. రాలేదు. రెండు చేతులతో లాగాను. సగానికి చిరిగి చేతిలోకొచ్చింది, మిగతా సగం తలుపులోనే ఇరుక్కుని ఉండిపోయింది. రబ్బరు అంత గట్టిగా ఉంది.

ఊపిరి పీల్చుకుని, ఎదురు మేడ మూడో అంతస్తు దాకా వినబడేలా అరిచాను.

"ఊడొచ్చేసింది!"