ఎర్రనీళ్ల జగ్గు

అసిరయ్య కలిపితే పానకమైనా నిషా ఎక్కుతుందని బర్మామైన్స్ తెలుగు బస్తీలో సందు సందంతా అతన్ని ఏడిపించేది. పాలకొండ వైపు నుంచి ఈ హిందీ ఊరికి వలసొచ్చిన మనిషి. ఉక్కు కంపెనీ దొరల క్లబ్బులో గ్లాసులు కడుగుతూ కడుగుతూ బార్ బల్ల వెనక్కి చేరాడు. అయినా పని కాంట్రాక్టుదే. డెబ్భై తొమ్మిదిలో, అక్టోబరు చివర, ఆ క్లబ్బులో దయ్యాల పార్టీ పెట్టారు. ఆ సాయంత్రం మందు బాగా కుదిరితే పర్మనెంటు చేయిస్తానని సెక్రటరీ సాబు వారం ముందే మాటిచ్చాడు. అప్పట్నుంచీ అసిరయ్యకి కంటిమీద కునుకు లేదు.

పొద్దు వాలేసరికి గోడల నిండా కాగితపు పుర్రెలు వేలాడుతున్నాయి. అసిరయ్య బీట్‌రూట్ రసం తీసి జగ్గులో పోశాడు. గ్లాసులో దానికి జిన్ను, నిమ్మరసం చేరిస్తే ఆ పూట పార్టీ మందు, పేరు దయ్యం నెత్తురు. అక్కడే గ్లాసులు కడిగే అతని భార్య చిలకమ్మకి ఆ పుర్రెలు చూసి గుండె జారిపోయింది.

"వీటి కింద నిలబడి ఏటి కలుపుతన్నావు? ఆగు, దిష్టి తీసేత్తాను."

పసుపూ సున్నంతో ఎర్రనీళ్లు, వేరే గిన్నె దొరక్క, క్లబ్బుదే ఇంకో జగ్గులో కలిపింది. మొగుడి చుట్టూ మూడుసార్లు తిప్పింది. కూడలిలో పారబోయడానికి బయల్దేరేలోగా వంటింట్లోంచి కేక వినబడితే, జగ్గు బార్ బల్లమీద పెట్టి పరుగెత్తింది.

అతిథులు దిగారు. "పెహలా మేరా!" అంటూ మొదటి గ్లాసుకి సెక్రటరీ సాబు చెయ్యి చాచాడు. కంగారులో అసిరయ్య చేతికందిన జగ్గు గ్లాసులోకి వంచాడు. నిమ్మరసం పడగానే ఎరుపు కాస్తా పసుపైంది. జాదూ, జాదూ అని అందరూ చప్పట్లు కొట్టారు.

బీట్‌రూట్ రసం అలా పసుపవదని అసిరయ్యకి తెలుసు. అవి తన దిష్టి నీళ్లు. సున్నం గొంతు కాలుస్తుంది సరే, తన కీడంతా తాగినవాడికి చుట్టుకుంటుంది. నోరు విప్పితే పర్మనెంటు గోవిందా. సాబు గ్లాసు పెదాల దాకా వెళ్లింది.

అసిరయ్య చెయ్యి విసిరి గ్లాసుని కొట్టాడు. అది నేలమీద పడి భళ్లున పగిలింది.

"పాగల్! కల్ సే మత్ ఆనా!"

రేపట్నుంచి రానక్కర్లేదు. అంతే. సాబు కోపంగా ముందుకు అడుగేయబోయాడు.

"తొక్కద్దు సాబ్!" అసిరయ్య మోకాళ్లమీద కూలబడి, చేతులు అడ్డం పెట్టి, భుజంమీది తువ్వాలుతో నేల తుడవసాగాడు.

చిలకమ్మ వచ్చి చూసింది.

"తాగీసినాడేటి?"

"నేదు."

"తొక్కీసినాడేటి?"

"నేదే."

ఆమె కూడా కూర్చుని చీరచెంగుతో తుడిచింది.

ఉద్యోగం పోయిన ఏడుపు అసిరయ్యకి అక్కడ రాలేదు. గేటు దాటి, కూడలిలో జగ్గులో మిగిలింది పారబోసి తువ్వాలు పిండుతుంటే వచ్చింది.