ప్యాకెట్ మీది ముఖం

మా ప్రత్తిపాడు దగ్గర ఒక కుర్రాడు కారం కంపెనీ పెట్టి, దాన్ని కంపెనీ అనొద్దన్నాడు. స్టార్టప్ అనాలట. మిరపకాయలకు తొడిమలు తీసే మేమూ కూలీలం కాదట, కుటుంబమట. కూలి మాత్రం బయటి కల్లాల్లో కన్నా తక్కువే.

మా ఆయన పోయాక నా పొయ్యి వెలిగేది ఆ పనితోనే. అందుకని నోరు మూసుకున్నాను. తెరిపించింది అతనే. తలమీద కొంగు కప్పించి ఫోటో తీశాడు. ‘ఇది మా ఇంటి కారం’ అని నా బొంగురు గొంతుతో అనిపించి ఫోన్లలో తిప్పాడు. ప్రతి ప్యాకెట్ మీదా నేనే.

ఒకరోజు మరలో ఏం పోస్తున్నారో చూశాను. మేం ఏరి పక్కన పడేసిన తెల్లటి తాలు కాయలు. పక్కనే ఎర్రరంగు డబ్బా.

“ఇది తాలు గదా బాబూ?”

“తాలు అనకూడదు పిన్నీ, బ్లెండ్ అనాలి.”

నా ముఖం పెట్టి రంగు అమ్ముతున్నాడన్నమాట. ఫిర్యాదుల నంబరు ప్యాకెట్ వెనకే ఉందని తోటి ఆవిడ చూపించింది. నాకు అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు. సర్కారు నంబరనుకుని ఫోన్ చేస్తే ఒక అమ్మాయి ఎత్తింది. “మీ పేరు బయటికి రానివ్వమండీ” అంది. నేనూ తెలివిగా పేరు చెప్పకుండా, తాలు సంగతీ రంగు సంగతీ చెప్పి పెట్టేశాను.

మర్నాడు గేటు దగ్గరే అతను నిలబడి ఉన్నాడు.

“ఊరంతా ఎరిగిన గొంతు పెట్టుకుని, పేరు దాస్తే ఎట్లా పిన్నీ?”

ఫోనెత్తిన పిల్ల అతని భాగస్వామేనట. దొంగతనం కబురు దొంగ చెవిలోనే ఊదాను.

“రేపట్నుంచి రెస్ట్ తీసుకో.”

“కుటుంబంలోంచి తీసేస్తారా బాబూ? అయితే నా బొమ్మ కూడా తీసెయ్యి.”

“అదెట్లా తీస్తాం? అది బ్రాండ్.”

వేరే కల్లానికి వెళితే మేస్త్రి నవ్వాడు. “నువ్వు ఫోన్లు చేస్తావంట గదా అక్కా, మాకొద్దులే.” కిరాణా కొట్లో ఒకావిడ నన్ను గుర్తుపట్టి, “ఏమ్మా, నీ కారం చేతికి రంగంటుతోందే” అని నిలదీసింది. పనీ పోయింది, పాపమూ నాకే చుట్టుకుంది.

ఇప్పుడు పని దొరకనప్పుడల్లా ఆ కొట్టు అరుగు మీదే కూర్చుంటున్నాను. ఎవరైనా ఆ ప్యాకెట్ తీస్తే, “అందులో తాలుంది, రంగుంది” అంటాను, అదే గొంతుతో. వాళ్లు ప్యాకెట్ వంక చూసి, నా వంక చూసి, కింద పెట్టేస్తారు.

కొట్టాయన విసుక్కున్నాడు. “బేరం చెడగొడుతున్నావు, లేచి వెళ్లు.”

“నేను బ్రాండ్‌నయ్యా, ఎట్లా తీస్తావు?” అన్నాను.