పక్కింటికి అందని పిలుపు

పోయిన ఆదివారం సాయంత్రం భూపాలపల్లిలో ఒక ఇంటి మెట్లెక్కుతుంటే ముందు మాంసం కూర వాసన, దాని వెనకే బీరు వాసన ముక్కుకు తగిలాయి. కింది ఇంటాయన వందకు ఫోన్ చేసి, పైన అద్దెకున్న పిల్లలు తాగి గోల చేస్తున్నారని చెప్పాడు. నేను కానిస్టేబుల్‌ని, వెళ్లక తప్పదు. కానీ సగం మెట్లెక్కి ఆగిపోయాను. పెళ్లికాని పిల్లలు వండే కూరలో అల్లం వెల్లుల్లి ఎప్పుడూ కాస్త మాడుతుంది. ఆ మాడు వాసన నన్ను నేరుగా మానుకోటకు, సుగుణమ్మ గారి డాబా మీదికి తీసుకుపోయింది. ఆమె లేకపోతే ఈ ఖాకీ చొక్కా నా ఒంటి మీద ఉండేది కాదు.

మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే అంటాం. గంగారం అవతలి మా ఊరి నుంచి డిగ్రీ చదవడానికి వచ్చి, ఆ తర్వాత పోలీసు పరీక్షల కోసం అక్కడే ఉండిపోయాను. సుగుణమ్మ గారి డాబా మీది రేకుల గది నాదీ, జనగామ నుంచి వచ్చిన రాజుదీ. ఆమె ఒకసారి కౌన్సిలర్‌గా గెలిచి, రెండోసారి ఓడిపోయారు. ఓడినా వాడకట్టంతా కౌన్సిలరమ్మ అనే పిలిచేది. కొందరు గౌరవంతో, కొందరు ఆటపట్టించడానికి. ఎవరు ఎందుకు పిలుస్తున్నారో ఆమెకు బాగా తెలుసు, అయినా అందరికీ పలికేవారు. మేము మాత్రం పెద్దమ్మా అనేవాళ్లం.

గది అడగడానికి వెళ్లిన రోజు ఆమె వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. నన్ను కింది నుంచి పైదాకా చూశారు.

“ఏ ఊరు బిడ్డా?”

“గంగారం అవతల, పెద్దమ్మా.”

“అడివిల నుంచి వచ్చినవు. ఇక్కడ మనుషులు ఎక్కువ. జర అలవాటు చేసుకో.”

నాకు అలవాటు కాలేదు. తల దించుకుని వెళ్లడం, తల దించుకుని రావడం. కొన్నాళ్లు చూసి ఒకరోజు గేటు దగ్గర పట్టుకున్నారు. “నువ్వు నా ఇంట్ల కిరాయికుంటున్నవా, దొంగతనానికి వచ్చి పోతున్నవా? వాడకట్టుల నలుగురికి మొఖం చూపెట్టు” అన్నారు. అప్పటి నుంచి కూరగాయల బండి దగ్గర ఎవరితో మాట్లాడానో, ఏం మాట్లాడానో కూడా అడిగేవారు. రాజకీయాల్లో తిరిగిన మనిషికి ఇదొక జబ్బు అనుకుని లోపల విసుక్కునేవాణ్ని. ఒక్క ఇంటి సంగతి మాత్రం ఎన్నడూ అడగలేదు. అది గోడ పక్కనే ఉన్న సోమయ్య గారి ఇల్లు. ఆయన బస్సు కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన బయటికి వస్తే పెద్దమ్మ చటుక్కున పేపరు తీసి చదవడం మొదలుపెట్టేవారు. ఒకసారి నేనే అడిగాను, ఆయనకు కూడా నమస్తే పెట్టాలా అని. “నీ ఇష్టం. నాకెందుకు చెప్తున్నవు?” అన్నారు. ఆమె అంత చిన్న జవాబు చెప్పడం నేను అప్పుడే విన్నాను.

నాకు కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చింది. ఉద్యోగం వస్తే దావత్ ఇవ్వాలి, మా దిక్కు అది అడిగేదీ కాదు, చెప్పేదీ కాదు. ఆదివారం మధ్యాహ్నం అనుకున్నాం. కొత్తగూడ నుంచి, జనగామ నుంచి దోస్తులు వచ్చారు. వండుకోవడానికి పెద్ద గంజు పెద్దమ్మే ఇచ్చి, “తాగేది తాగుండ్రి గని నా ఇజ్జత్ తియ్యకుండ్రి” అని చెప్పి చుట్టాలింటికి వెళ్లారు. కూర ఉడికింది, పాటలు పెట్టారు. ఖాళీ అయిన సీసాలను పిట్టగోడ మీద వరసగా పేర్చారు. నేను నీళ్ల బకెట్ తెస్తున్నాను. రాజు ఎగురుతూ ఎగురుతూ వెనక్కి తిరిగాడు, మోచెయ్యి తగిలి ఒక సీసా గోడ అవతల పడింది. కింద భళ్లున పగిలిన చప్పుడు, వెంటనే పసిబిడ్డ ఏడుపు.

పాట ఆపేసి వంగి చూశాం. సోమయ్య గారి కూతురు కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. వాకిట్లో నీళ్ల గోలెం పక్కన బిడ్డకు నీళ్లు పోసే బండ ఉండేది. సీసా సరిగ్గా దాని మీద పడింది. బండ ఇంకా తడిగా ఉంది, అప్పుడే నీళ్లు పోసి బిడ్డను లోపలికి తీసుకుపోయారు. చప్పుడుకు జడుసుకుని ఏడ్చిందే తప్ప దెబ్బ తగల్లేదు. ఆ తడి బండ మీద గాజుపెంకులు మెరుస్తున్నాయి.

మేము కిందికి దిగేసరికి వాడకట్టంతా గల్లీలో ఉంది. ఎన్నాళ్ల నుంచి కడుపులో పెట్టుకున్నారో, అన్నీ బయటికి వచ్చాయి. “పాసైతే తాగుడు, ఫెయిలైతే తాగుడు, పుట్టినరోజైతే తాగుడు. స్టూడెంట్లకు రూములు ఇయ్యొద్దని నేను ఎన్నడో చెప్పిన” అని ఒకామె అంటోంది. నేను సోమయ్య గారికి చేతులు జోడించాను.

“దండాలు ఒద్దు” అన్నారాయన. గొంతు పెంచలేదు. “నీకు పోలీసు కొలువు వచ్చిందట గదా. రేపు పొద్దుగాల ఆ పోలీసోళ్ల కాడికే పోయి చెప్తా, మీరు తీసుకునేటోడు గిట్లుంటడని.”

ఉద్యోగంలో చేరే ముందు పోలీసులు మన గురించి విచారిస్తారు. అప్పటికి పేరు మీద కేసు ఉంటే ఇన్నేళ్లు పరిగెత్తిన పరుగంతా మట్టిలో కలుస్తుంది. మా నాయిన అప్పటికే ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు. నేను మెట్ల మీద కూలబడ్డాను. రాజు పక్కన కూర్చుని, “నేనే పడగొట్టిన అని చెప్త రా” అని ఏడుస్తున్నాడు.

పొద్దుగూకే వేళకు పెద్దమ్మ వచ్చారు. మొత్తం విని, “బిడ్డకేమన్న తాకిందా?” అని అడిగారు. లేదన్నాకే కుర్చీలో కూర్చున్నారు.

“సీసాలు గోడ మీద ఎందుకు పెట్టిన్రు?”

ఆ జవాబు కూడా ఆమే చెప్పారు.

“గోడ అవుతల మనుషులు ఉంటరని యాదికి లేదు, అందుకే పెట్టిన్రు.”

“ఇప్పుడే పోయి కాళ్లు మొక్కుత పెద్దమ్మా” అన్నాను.

“మొక్కితే ఇయ్యాల్టి కోపం పోతది. కూర వాసన వాడకట్టంత పోయింది, మీ పాటలు పోయినయి. ఒక్కింటికన్న పిలుపు పోయిందా?”

“తాగే దావత్‌కు వాళ్లనెట్ల పిలుస్తం?” అన్నాడు రాజు అమాయకంగా.

“పిలిస్తే తాగుతుంటిరా?”

  పెద్దమ్మ మాతో కాదన్నట్టు, సోమయ్య గారి ఇంటి గోడ వైపు చూస్తూ చెప్పారు. “మా మనుమని పుట్టెంట్రుకలకు వార్డంత తిరిగి బొట్టు పెట్టి పిలిచిన. సోమన్న ఇంటికి పోలే. పక్కిల్లే గదా, అన్ని చూస్తనే ఉన్నరు, వాళ్లకు చెప్పేదేంది అనుకున్న. ఆ దినమంత వాళ్లు తలుపేసుకుని ఉన్నరు. గర్వమనుకున్న. ఎలక్షన్ల అవుతలోళ్ల దిక్కు ఇల్లిల్లు తిరిగిండు, నేను ఓడిన. ఓడగొట్టిండన్నదే యాది పెట్టుకున్న గని, పిలవనిది నేనన్నది యాదికి రాలే.”

మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చీర కట్టుకుని, కుంకుమ భరిణె పట్టుకుని, నన్ను, రాజును వెంటబెట్టుకుని బయల్దేరారు. మా గేటు నుంచి వాళ్ల గేటుకు ఎంత దూరం, కొంగు సర్దుకునేంత. ఎవరి ఇంట్లోకైనా పిలుస్తూనే దూరిపోయే మనిషి, అక్కడ గేటు మీద చెయ్యి కూడా వేయకుండా నిలబడ్డారు. “ఓట్లడుగనీకి గూడ ఈ గేటు ముట్టలే” అని నాతో మెల్లగా అన్నారు. తర్వాత గొంతు సవరించుకుని పిలిచారు. “సోమన్నా.”

లోపల మాటలు ఆగిపోయాయి. ఎవరూ రాలేదు. ఆమె రెండోసారి పిలవలేదు, వెనక్కీ తిరగలేదు. అలా ఎంతసేపు ఉన్నామో గానీ, చివరికి తలుపు గొళ్లెం తీసిన చప్పుడు వినిపించింది. ఆయన స్టేషన్‌కు బయల్దేరడానికి చొక్కా వేసుకుని తయారై ఉన్నారు.

“దావత్‌కు పిలువనీకి వచ్చిన” అన్నారు పెద్దమ్మ.

“నిన్న అయ్యింది గదా. మా వంతు సీసా గూడ పంపిన్రు.”

“నిన్నటిది దావత్ కాదన్నా. పిల్లగాని తల్లిదండ్రి దూరమున్నరు, ఇంటి పెద్దగ నేను పిలువాలె. పిలువలే. మా మనుమని దావత్‌కు గూడ నిన్ను పిలువలే. పక్కిల్లే గదా అనుకున్న. తప్పు నాదే.”

సోమయ్య గారు ఆమె వైపు చూడలేదు, రెండిళ్ల మధ్య గోడ వైపు చూశారు. తర్వాత లోపలికి తిరిగి భార్యతో అన్నారు. “ఏమే, వచ్చి బొట్టు పెట్టించుకో.”

పెద్దమ్మ ఆమెకు బొట్టు పెట్టారు. నేనూ రాజూ బండ చుట్టూ ఇంకా మిగిలిన పెంకులన్నీ ఏరి, తడిబట్టతో నేల తుడిచాం. బిడ్డ తల్లి వచ్చి చెప్పుల్లేకుండా నడిచి చూసింది. తల ఎత్తేసరికి సోమయ్య గారు చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తున్నారు. ఆ చొక్కా కొక్కెం ఎక్కడం చూసినప్పుడు నాకు కలిగిన నెమ్మది, ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు కూడా కలగలేదు.

తర్వాతి ఆదివారం వాడకట్టంతా డాబా మీద బంతుల్లో భోజనానికి కూర్చుంది. మేము వడ్డించాం. “ఇంత మంది పెద్దల ముంగట సీసా ఎట్ల తీస్తం రా” అని రాజు నా చెవిలో బాధపడ్డాడు. సోమయ్య గారు ఉప్పు తక్కువైందని చెప్పి, ఇంకొంచెం కూర వేయించుకున్నారు.

కొన్నాళ్లకు విచారణకు మనిషి వచ్చాడు. అడిగింది పక్కింట్లోనే. నేను డాబా మీద ఆరేసిన బట్టల వెనక నిలబడి వింటున్నాను.

“పిల్లగాడు ఎట్లాంటోడు?”

“మా వాడకట్టు పిల్లగాడే సార్.”

“తాగుడు గీగుడు ఏమన్న ఉన్నదా?”

సోమయ్య గారు అన్నారు. “కూరల ఉప్పు తక్కువేస్తడు సార్. నాకు తెలిసి అదొక్కటే ఐబు.”

పెద్దమ్మ ఆ తర్వాత ఇంకోసారి నిలబడి, ఇంకోసారి ఓడారు. ఫోన్లో ఒకటే నవ్వు. “ఈసారి సోమన్న నా దిక్కే తిరిగిండు బిడ్డా, అయినా ఓడిన. ఇగ ఈ తప్పు నాది కాదు.” పోయిన ఏడాది ఆమె చనిపోయారు. వాడకట్టులో ఇల్లిల్లూ తిరిగి ఆ కబురు చెప్పింది సోమయ్య గారే. ఒక్క ఇల్లు కూడా వదల్లేదట.

భూపాలపల్లిలో మిగిలిన మెట్లెక్కి డాబా మీదికి వెళ్లాను. నన్ను చూడగానే పాట ఆగింది. పిట్టగోడ మీద సీసాలు వరసగా ఉన్నాయి. దావత్ ఇస్తున్న పిల్లవాడు ముందుకొచ్చాడు. బ్యాంకులో ఉద్యోగం వచ్చిందట. “సార్, కేసు రాస్తరా?” అన్నాడు. ఆ గొంతులోని భయం నాకు తెలుసు.

“ముందు ఆ సీసాలు గోడ మీదికెల్లి తీయుండ్రి. కింది ఇంటాయన పేరేంది?”

వాళ్లు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు. ఆ ఇంట్లో ఏడాదిగా ఉంటున్నారు.

“పోయి అడుగు. అడిగి, అన్నానికి పిలువు” అన్నాను.

“ఆయనే గదా సార్ మీకు ఫోన్ చేసింది?”

“అందుకే ముందు ఆయనను పిలువు.”

పిల్లవాడు దిగాడు. నేను మెట్ల మలుపు దగ్గరే ఉండిపోయాను. కింద తలుపు తట్టిన చప్పుడైంది. “అంకుల్” అని పిలిచాడు. లోపల టీవీ చప్పుడు ఆగిపోయింది. ఎవరూ రాలేదు. పిల్లవాడు తలెత్తి నా వైపు చూశాడు. అక్కడే ఉండమని చేత్తో సైగ చేశాను. ఇద్దరం నిలబడ్డాం. కాసేపటికి గొళ్లెం కదిలింది.