సభకు వీపు తిప్పిన మంజుల

1999 నాటి మాట. మారతహళ్ళిలో నేను మైక్ సెట్ అద్దెకిచ్చే పని మొదలుపెట్టి అప్పటికి ఎనిమిదేళ్లయింది. పెళ్లిళ్లకు, సన్మానాలకు, ఎన్నికల సభలకు రెండు స్పీకర్లు, నాలుగు మైకులు, ఒక యాంప్లిఫైయర్ ఆటోలో వేసుకుని తిరిగేవాణ్ణి. యాంప్లిఫైయర్ అంటే చిన్న గొంతును పెద్దది చేసే పెట్టె. పెద్ద గొంతుల్ని చిన్నవి చేసే పెట్టె ఎవడైనా కనిపెడితే వాడికి దండం పెడదామని చాలా సభల్లో అనుకున్నాను.

ఆ రోజు వైట్‌ఫీల్డ్ దారిలో ఒక సర్కారు బడిలో లెక్కల టీచరు సరోజమ్మ మిస్ రిటైర్మెంట్ సభ. మర్నాడే ఆమె మైసూరులో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతున్నారు. నేను వైర్లు లాగుతుంటే ఒకమ్మాయి వచ్చి పక్కన నిలబడింది. పేరు మంజుల. మిస్ దగ్గర చదువుకుని నర్సు అయింది. పాత విద్యార్థుల తరఫున రెండు నిమిషాలు మాట్లాడమని ఆమెకే అప్పజెప్పారట.

"అన్నా, మైకు లేకుండా మాట్లాడేకి అయితాదా?" అని అడిగింది.

"మూడొందల మంది వస్తారమ్మా. నాలుగో వరసకు కూడా వినబడదు."

"నలుగురి ముందర నాకు నోరు పెగల్దన్నా. పెళ్లిచూపుల్లో నా పేరడిగితే మాయమ్మ చెప్పింది. కానీ ఈ పొద్దు చెప్పకపోతే మిస్‌కి ఇంకెప్పుడు చెప్పేది?"

చేతిలోని చీటీ చెమటకు మెత్తబడిపోయింది. పాపం అనిపించి, మైక్ టెస్టింగ్ ఆమె చేతే చేయించాను. ఖాళీ కుర్చీల ముందు చీటీలో ఉన్న నాలుగు ముక్కలూ గడగడా చదివేసింది. "ఇంతే కదమ్మా! జనం వచ్చినా కుర్చీలే ఉండాయనుకో" అని ధైర్యం చెప్పాను. పెద్ద తెలివైనవాణ్ణి మరి!

సభ మొదలైంది. పెద్దమనుషులు ముగ్గురు మాట్లాడారు. వారిలో ఒకాయన మిస్ గురించి ఒక్క ముక్క, తన గురించి ఇరవై నిమిషాలు చెప్పాడు. తర్వాత మంజులను పిలిచారు. ఆమె మైకు ముందుకొచ్చి జనాన్ని చూసింది. "అందరికీ..." అంది. ఆపైన మాట లేదు. నేను కంగారుపడి వాల్యూమ్ పెంచేశాను. కుయ్యిమంటూ మైకు చెవులు చిల్లులు పడేలా కూసింది. స్పీకర్లోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకే దూరితే ఇలా అవుతుంది. దీన్ని మేము ఫీడ్‌బ్యాక్ అంటాం. తప్పు పూర్తిగా నాదే. పిల్లలు చెవులు మూసుకుని నవ్వారు. మంజుల చేతిలోంచి చీటీ జారిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

మైకు సరిచేసే నెపంతో స్టేజీ ఎక్కాను. "దిగిపోమ్మా, ఏమీ కాదు. మైకు చెడిపోయిందని నేను చెప్తాలే" అన్నాను మెల్లగా.

ఆమె తల అడ్డంగా ఊపింది. "మైకు ఆ పక్కకి తిప్పన్నా. నేను చెప్పేది వీళ్లకు కాదు కదా."

స్టాండు మిస్ కుర్చీ దగ్గరకు జరిపి, వాల్యూమ్ తగ్గించాను. మంజుల సభకు వీపు తిప్పి మిస్ ఎదురుగా నిలబడింది. "ఇదేం మర్యాద?" అని ముందు వరసలో ఎవరో గొణిగారు. నేను విననట్టే ఊరుకున్నాను.

"మిస్, ఏడో క్లాసులో నేను బడి మానేస్తే మీరు మా ఇంటికొచ్చినారు. బిడ్డ ఊదుబత్తీలు చుట్టకపోతే ఇల్లు గడవదన్నాడు మా నాయన. మీరు ఇంకో మాట అనకుండా చాప మీద కూర్చొని చుట్టేది నేర్చుకున్నారు. సంవత్సరమంతా ఆదివారాలు మా పనిలో సగం మీరే చేస్తా, నాకు లెక్కలు చెప్పినారు. సోమవారం మీ గోళ్లలో ఆ ఊదుబత్తి పిండి నలుపు చూసి క్లాసులో అందరూ నవ్వేవాళ్లు. ఎవురింటికి పోతుండారో మీరు చెప్పలే. నేనూ సిగ్గుపడి చెప్పలే, వాళ్లతో కలిసి నవ్వినా." మిస్ దగ్గరికి ఇంకో అడుగు జరిగింది. "అది మా ఇల్లే మిస్. ఈ పొద్దు నేను నర్సుగా ఉండానంటే మీ వల్లనే."

మిస్ లేచి ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకున్నారు. ఎంత ధైర్యం! ఉపన్యాసాలు దంచేవాళ్లను వందలమందిని చూశాను. తన తప్పును మైకులో ఒప్పుకున్న మనిషిని మాత్రం ఆ రోజే చూశాను.

సభ అయ్యాక వైర్లు చుట్టుకుంటుంటే మిస్ నా దగ్గరకొచ్చారు.

"ఏమప్పా, నీ స్పీకర్లన్నీ జనం పక్కకే ఉండాయే. స్టేజీ మీద అంతా బొయ్యిమని మోతే. అందరూ నన్ను ఏమేమో పొగిడినారంట. నాకు తెలిసింది మంజుల చెప్పింది ఒకటే." నవ్వి, "అది చాల్లే" అన్నారు.

ఎన్ని సన్మానాలకు మైకు పెట్టానో లెక్కలేదు. దండ వేసి కూర్చోబెట్టిన మనిషికి వినబడుతోందా అని ఒక్కసారి కూడా చూసుకోలేదు. అప్పటినుంచి ఏ సన్మానానికి వెళ్లినా ఒక చిన్న స్పీకరు ఆ కుర్చీ వైపు పెడుతున్నాను. టెస్టింగ్ చేసేటప్పుడు ముందు నేనే వెళ్లి ఆ కుర్చీలో కూర్చుని వింటాను.