జగ్గమ్మ పెరట్లో అంట్ల మిషను

ఆదాము చేతులు పెట్టె వెనక రేకు మీద ఉన్నాయి. మరలు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. ఒక్కో మర చుట్టూ కిరసనాయిలు చుక్క వేసి, అది లోపలికి ఇంకేదాకా ఆగి, అప్పుడు మెల్లగా తిప్పుతున్నాడు. తొందరపడి బలం చూపిస్తే మర తల అరిగిపోతుంది. ఆ తరవాత దాన్ని బయటికి రప్పించడం ఎవరి వల్లా కాదు. బండి నిలబెట్టే పాకలో గోనె పరుచుకుని, ఊడదీసిన మరల్ని ఊడిన వరసలోనే దాని మీద పేర్చుకుంటూ వస్తున్నాడు.

పాక బయట జగ్గమ్మ పీట వేసుకు కూర్చుంది. ఆవిడ మరల్ని చూడటం లేదు, ఆదాము మొహం చూస్తోంది. ఈ పెట్టె ఇంట్లో ఎందుకుండాలో చిన్నకొడుకు చెప్పిన కారణాల్లో ఒక్కటీ ఆవిడకి అతకలేదు. కొడుకు పిలిస్తే వచ్చినవాడు కొడుకు మాటే చెబుతాడని ఆదాము మీద కూడా అనుమానంగానే ఉంది.

అది గిన్నెలు తోమే మిషను. నడుమెత్తు తెల్ల పెట్టె, కింద చక్రాలు, పైన మూత. క్రైస్తవ మిషను వాళ్ల బంగళాలో ఉండే దొరసాని తన దేశం వెళ్లిపోతూ సామాన్లు అమ్మేసింది. మంచాలూ కుర్చీలూ ఎవరో ఒకరు పట్టుకుపోయారు గానీ, దీని దగ్గరికి ఎవరూ రాలేదు. జగ్గమ్మ చిన్నకొడుకు చినబాబు దాన్ని బండి మీద వేయించుకుని కోటబొమ్మాళి తెచ్చాడు. బేరం ఇంకా తెగలేదు. కొన్నాళ్లు చూసి, అక్కర్లేదనుకుంటే తిరిగి పంపెయ్యొచ్చన్నది ఒప్పందం. కావాలో వద్దో తేల్చవలసింది జగ్గమ్మ. భర్త పోయిన దగ్గర్నుంచి ఆ ఇంటి తాళాలగుత్తి ఆవిడ బొడ్లోనే ఉంటోంది.

ఆదాముది మిషను కాంపౌండు వెనక పేట. చర్చిలో బైబిలు చదవడానికి సరిపడా అక్షరాలు నేర్చుకున్నాడు, అంతకు మించి బడికి వెళ్లలేదు. కాంపౌండులో నీళ్లు తోడే ఆయిలింజనుకి కాపలా పని దొరికితే, అది ఆగిపోయినప్పుడల్లా విప్పి చూసి, మళ్లీ బిగించి, అలా పని పట్టుబడింది. పెట్రోమాక్సు దీపాలు, కుట్టు మిషన్లు, చేలల్లో నీటి ఇంజన్లు, ఏది చెడినా ఆ చుట్టుపక్కల అతనికే కబురు వెళ్లేది. ఎవరేం చెప్పినా ముందు నమ్మడు. ఇంజను ఆగిపోయిందని చెప్పిన మనిషి మాటని కూడా నమ్మకుండా, మొదట తనే తిప్పి చూసుకునేవాడు. పెళ్లయిన కొత్తలో అత్తారిచ్చిన గడియారం విప్పి పరిచాడని అతని భార్య దానమ్మ ఇప్పటికీ చెబుతుంది. తనకి మరలు లేవు గాబట్టి బతికిపోయానంటుంది.

ఈసారి అతని అనుమానం చినబాబు మీద. తోవలోనే చినబాబు అతన్ని ఆపి, అమ్మ ముందు మిషను ఎలాగైనా బాగా పనిచేసినట్టు కనపడాలన్నాడు. ఎందుకని అడిగితే, మోజు అన్నాడు. కాసేపాగి, చవగ్గా వస్తోంది అన్నాడు. ఇంకాసేపటికి, ఊళ్లో ఎవరింట్లోనూ లేనిది మనింట్లో ఉంటుందన్నాడు. అడిగినప్పుడల్లా కారణం మారిపోయే మనిషి దగ్గర అసలు కారణం వేరే ఉంటుందని ఆదాము లెక్క. లోపల మంచి మోటారు ఉంది. దాన్ని పీకి ధాన్యం తూర్పారబట్టే ఫేనుకి పెట్టుకుందామనే ఎత్తేమో అనుకున్నాడు. తల్లి ఒప్పుకోదు గాబట్టి అంట్ల పేరు చెబుతున్నాడేమో.

అలాంటి పనిలో చెయ్యి పెట్టడం అతనికి ఇష్టం లేదు. ఒకసారి ఆదాము బాగుందని చెప్పిన ఇంజను బాగానే ఉండాలి. ఆ ఒక్క మాట మీదే ఊళ్లు తిరిగి అన్నం తింటున్నాడు. ఇక్కడ లేనిది ఉందని చెబితే ఆ మాట పోతుంది. ఉన్నదున్నట్టు చెబితే చినబాబుకి కోపం వస్తుంది, అతని చేలల్లో ఇంజన్ల పని పోతుంది. చినబాబుకి సరేననలేదు, కాదనలేదు. ముందు విప్పి చూస్తానన్నాడు.

విప్పితే లోపల పెద్ద రహస్యమేం లేదు. పెట్టె అడుగున ఫేను రెక్కల్లాంటి చిన్న రెక్క. పైన తీగెల బుట్ట. వేడినీళ్లు పోసి సోడా కలిపి మూత వేస్తే, రెక్క తిరిగి ఆ నీళ్లనే గిన్నెల మీదికి విసిరి కొడుతుంది. ఆఖర్న మురికినీళ్లు గొట్టంలోంచి బయటికి పోతాయి. గొట్టం మొదట్లో వాషరు చీకిపోయింది. ఆదాము పాత చెప్పు తోలు కోసి, నూనెలో నానబెట్టి, కొత్తది వేశాడు. మన కరెంటుకి అది మాడిపోకుండా దొరసాని ఒక బరువైన ఇనప డబ్బా కూడా ఇచ్చి పంపింది. దాన్ని మధ్యలో కలిపి మీట వేస్తే మోటారు మెత్తగా తిరిగింది. పాకలో కట్టేసిన ఆవు పలుపు లాక్కుని వెనక్కి జరిగింది. జగ్గమ్మ పీట కూడా కొంచెం వెనక్కి జరిగింది.

మర్నాడు పొద్దున్న, ఇంటి గిన్నెలతోనే పరీక్ష చెయ్యాలంది జగ్గమ్మ.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. ఆదాము పెరట్లోకి రావచ్చు, ఇనుము ముట్టుకోవచ్చు. వంటగిన్నెలు, తాగే గ్లాసులు ముట్టుకోకూడదు. అతనికది పుట్టిన దగ్గర్నుంచి తెలిసిన సంగతే. కాబట్టి గిన్నెలు పేర్చడానికి చిన్నకోడలు నీలవేణి రావలసి వచ్చింది. పెద్దకోడలు పురిటికి పుట్టింటికి వెళ్లింది, అప్పట్నుంచి అంట్లన్నీ నీలవేణివే. ఆ అమ్మాయే నూతిలో నీళ్లు తోడింది, పొయ్యి మీద కాచింది, మోసుకొచ్చి పెట్టెలో పోసింది. ఆదాము దూరంగా నిలబడి ఏది ఎటు పెట్టాలో చెబుతున్నాడు.

పెట్టడానికి పెద్దగా ఏమీ లేవు. ఆ ఇంట్లో అందరూ అడ్డాకు విస్తళ్లలోనే తింటారు, తిన్నాక తీసి పెంటమీద పడేస్తారు. మిగిలేవి గ్లాసులు, గరిటెలు, కట్టెల మసి పట్టిన అన్నం గుండిగ, పులుసు తపేలా. గుండిగ పెట్టెలో పట్టలేదు. తపేలా ఒక పక్కకి ఒరిగి పట్టింది. తీగెల బుట్టలో వరసగా పళ్లేలు నిలబెట్టడానికి చేసిన సందులన్నీ ఖాళీ. అది ముందే ఊహించినట్టు చినబాబు లోపలికి వెళ్లి, సంతలో కొన్న కొత్త పింగాణీ పళ్లేలు తెచ్చాడు. రాత్రి తనూ పాలేళ్లూ వాటిలోనే తిన్నామని చూపించాడు.

జగ్గమ్మ పళ్లేల కేసీ కొడుకు కేసీ చూసింది.

"ఆకుల్లో తిని పారేస్తే మనకి అంట్లే లేవు కదరా. పళ్లేలు కొని, వాటిని ఎంగిలి సేసి, ఈ పెట్టెకి మేపుతావేటి?"

మీట వెయ్యమని చినబాబు సైగ చేశాడు. ఆదాము మీట వేశాడు. పెట్టె లోపల వానపడినట్టు చప్పుడు. పాలేళ్లు గోడ మీంచి తొంగిచూశారు. లోపల తిరిగేది అవే నీళ్లా, కొత్త నీళ్లా అని జగ్గమ్మ అడిగింది. అవేనని ఆదాము ఉన్నదున్నట్టు చెప్పాడు. ఎంగిలి నీళ్లనే మళ్లీ మళ్లీ గిన్నెల మీద కొడుతుందా అని ఆవిడ ముక్కు మీద వేలేసుకుంది. ఆఖర్న మంచినీళ్లు పోసి మరోసారి తిప్పాలని చెప్పాడు. ఆ నీళ్లు కూడా కోడలే తోడి కాచాలి గదా అంది ఆవిడ. అవునన్నాడు.

మీట తీసి మూత ఎత్తాక పళ్లేలు తళతళలాడుతున్నాయి. గ్లాసులు బాగున్నాయి. తపేలా మసి మాత్రం పెట్టినప్పుడెలా ఉందో అలాగే ఉంది, అడుక్కి అంటిన మెతుకులు నాని ఉబ్బి అక్కడే ఉన్నాయి. చినబాబు ఆదాము వైపు చూశాడు. ఆదాము జగ్గమ్మతో చెప్పాడు.

"పళ్లేలయితే బాగా కడుగుతాదమ్మా. మసి మీద దీని పన్లేదు. మీ ఇంట్లో ఉన్నది మసే."

చినబాబు మొహం తిప్పుకున్నాడు. ఇక ఆ ఇంటి ఇంజన్ల పని పోయినట్టేనని ఆదాము అనుకున్నాడు.

నీళ్లు వదలకముందే గిన్నెలు తీసెయ్యమంది జగ్గమ్మ. నీలవేణి కొంగు చేతికి చుట్టుకుని వంగింది. కొంగుతో పట్టుకోవడమేమిటి, శుభ్రంగా చేత్తో తియ్యమని అత్త అనేసరికి కొంగు వదిలి, అడుగున ఉన్న పళ్లెం కోసం నీళ్లలో చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి పెట్టినట్టే వెనక్కి వచ్చేసింది. అందుకున్న పళ్లెం జారి రాయి మీద పడి పింగాణీ పెచ్చు లేచింది.

ఆదాము ఆ చెయ్యి చూశాడు. వేళ్ల సందులు పాసిపోయి తెల్లగా నాని ఉన్నాయి, అరచేతిలో పగుళ్లు ఎర్రగా తెరుచుకుని ఉన్నాయి. నూతి చేంతాడుని పొద్దున్న ఆ అమ్మాయి ముంజేతులకి చుట్టుకుని లాగడం అప్పుడు గుర్తొచ్చింది. తలెత్తి చూస్తే చినబాబు ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయి ఉన్నాడు. మోటారు కోసం కాదు. ఫేను కోసం కాదు. ఆ ఇంట్లో పెళ్లాం తరఫున మాట్లాడిన మగాణ్ణి పాలేళ్ల దగ్గర్నుంచీ అందరూ నవ్వుతారు. పెళ్లాం చేతులు మండుతున్నాయని తల్లితో ఒక్క మాట చెప్పలేక, బండి కట్టించి ఇంత ఇనుము మోసుకొచ్చాడు.

జగ్గమ్మకి చేతులు కనపడలేదు, పడ్డ పళ్లెమే కనపడింది. పని తప్పించుకోవడానికి మొగుడూ పెళ్లాం కలిసి ఆడుతున్న నాటకమంది.

కోడలి చేతుల గురించి మాట్లాడటం బయటివాడి పని కాదు, అందులోనూ ఆదాము పని అసలే కాదు. అతను నీళ్ల వైపే చూస్తూ మాట్లాడాడు.

"ఈ నీల్లలో సోడా ఉన్నాదమ్మా. పగిలిన చెయ్యి పెడితే మండుతాది. నాను చూసినది సెప్తన్నాను, నాటకం కాదు."

ఇది కూడా కొడుకు నేర్పిందేనా అన్నట్టు జగ్గమ్మ అతన్ని చాలాసేపు చూసింది. కానీ ఇందాక కొడుకు ఎదటే మిషను మసికి పనికిరాదని చెప్పినవాడు ఇతనే. లేచి కోడలి దగ్గరికి వెళ్లింది.

"ఇటు తే సెయ్యి."

నీలవేణి చెయ్యి వెనక్కి పెట్టుకుంది. జగ్గమ్మే పట్టి లాగి, తిప్పి చూసింది. రెండోదీ చూసింది.

"ఎన్నాల్లయిందే? నాతో సెప్పలేదేటి?"

"సెప్తే ఒల్లొంగనిదంటారు కదత్తా."

జగ్గమ్మ ఆ చేతులు మెల్లగా వదిలింది. కొడుకు వైపు తిరిగింది. "దీనికోసమేట్రా ఇంత ఇనుము మోసుకొచ్చినావు?" చినబాబు ఆవు వైపు చూస్తూ నిలబడ్డాడు. "నోరుంది గదరా నీకు" అంది ఆవిడ. గొంతులో కోపం లేదు.

పెట్టె తిరిగి వెళ్లిపోవాలని అక్కడికక్కడే తేలిపోయింది. కోడలి చేతుల మాటేమిటన్నదే మిగిలింది. జగ్గమ్మ ఆదాముని అడిగింది, నువ్వయితే ఏం చేస్తావని. అతను నూతి దగ్గరికి వెళ్లి అంట్లు తోమే చోటు చూశాడు. పల్లంగా బురద నేల. ఒకే తొట్టి, అందులో చాకలి సోడా, ఆ నీళ్లలోనే అన్నీ నానడం. గొంతుక్కూర్చుని, మోచేతులదాకా ఆ నీళ్లలో ముంచుకుని తోమాలి. నిలబడి తోమేలా ఎత్తుగా అరుగు కావాలన్నాడు. పక్కన నీళ్ల డ్రమ్ము, అడుగున కుళాయి, పారే నీళ్లతో కడిగేలా. మసికి పిడి పెట్టిన కుంచె, చెయ్యి తడవకుండా. సోడా మానేసి, బూడిదా చింతపండూ వాడాలి.

ఒక పని పోయేసరికి ఇంకో పని వెతుక్కున్నావే అంది జగ్గమ్మ. అనుమానం ఇంకా పూర్తిగా పోలేదు. ఊడదీసిన ఇటుకలు, పాత బండ, ఖాళీ డ్రమ్ము పెరట్లోనే పడున్నాయని, సిమెంటూ కుళాయీ తప్ప ఏదీ కొనక్కర్లేదని ఆదాము చూపించాడు. అప్పుడు ఒప్పుకుంది.

ముందు పెట్టె పని ముగించాడు. గోనె మీది మరల్ని వరస తప్పకుండా బిగించి, ఒక్కోదానికి నూనె రాశాడు. తను వేసిన తోలు వాషరు తీసుకోకుండా అలాగే వదిలేశాడు. చినబాబు దగ్గరుండి దాన్ని బండెక్కించాడు. ఇంజన్ల పని సంగతి ఆదాము ఎత్తలేదు. వరినాట్లకి ముందు ఇంజన్లన్నీ ఓసారి చూసి పెట్టమని చినబాబే అన్నాడు.

అరుగు ఎత్తు కోసం నీలవేణిని గోడ దగ్గర నిలబెట్టి, మోచేతి కింద బొగ్గుతో గీత గీయించాడు. ఆ గీతకే ఇటుకలు లేపాడు. బండని నూతి వైపు నుంచి అరటి మొక్కల వైపుకి కొంచెం వాలుగా కూర్చి, సందులు సిమెంటుతో పూడ్చి, తడి గోనెలు కప్పి ఆరనిచ్చాడు. సాయంత్రాలు పేటలో కూర్చుని తాటి పీచు కట్టి, తుమ్మకర్ర పిడికి మేకులు లేకుండా బిగించి, కుంచె చేశాడు.

అరుగు ఆరేదాకా అంట్లు జగ్గమ్మే తోమింది. నీలవేణి చేతులకి కొబ్బరినూనె రాసి పని ముట్టనివ్వలేదు. నీళ్లు చినబాబు తోడాడు. పక్కింటి గంగులు గోడ మీంచి చూసి, "ఏటి బావా, నీల్లు మోస్తన్నావా, మిషను నువ్వేనేటి" అని వెక్కిరించాడు. చినబాబు కావిడి దించకుండా అవునన్నాడు. గంగులు గోడ దిగి వెళ్లిపోయాడు.

గోనెలు తీసిన పొద్దున జగ్గమ్మ బిందెతో నీళ్లు తెచ్చి బండ మీద కుమ్మరించింది. నీళ్లు అరటి మొక్కల వైపు జారిపోయాయి. ఒక మూల మాత్రం కొంచెం నిలిచాయి. ఆవిడ వేలు పెట్టి చూపించింది. ఆదాము వంగి చూశాడు, ఆవిడ చెప్పింది నిజమే. ఆ మూల చెక్కి, పలచగా సిమెంటు పూసి, తాపీతో వాలు సరిచేసి, అది గట్టిపడిన మర్నాడు మళ్లీ వచ్చాడు. జగ్గమ్మ మళ్లీ కుమ్మరించింది. ఈసారి చుక్క నిలవలేదు.

ఆదాము డ్రమ్ముకి తను బిగించిన కుళాయి తిప్పి, కట్టి, మళ్లీ తిప్పి చూపించాడు. కుంచెని అరుగు చివర పెట్టి పక్కకి తప్పుకున్నాడు. నీలవేణి మసి గుండిగ తెచ్చి బండ మీద బోర్లించి, కుంచె బూడిదలో అద్ది, నిలబడి తోమడం మొదలుపెట్టింది. మసి నల్లగా కారి, వాలు వెంట జారిపోయింది.

"పనయిపోయిందమ్మా. ఇంక మీది" అని, తాపీ కడిగి గోనెలో చుట్టుకున్నాడు.